పట్టుకు లేని ఎంగిలి

ధర్మవరంలో అచ్చులు అతికే ఆడవాళ్ళు పనిలో కూర్చునే ముందు వక్కాకు ఉమ్మేసి నోరు బాగా పుక్కిలిస్తారు. నోరు ఎర్రగా ఉంటే లేతరంగు పోగులకు మరక పడుతుందని. చేనేత సహకార సంఘంలో గుమాస్తాగా చేరిన కొత్తలో ఈ సంగతి గమనించి డైరీలో రాసుకున్నాను. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు. రిటైరయ్యాక, పెనుకొండలో మా ఇంటి వెనక గదిలోకి అద్దెకు వచ్చిన ఒక అమ్మాయి వల్ల ఆలోచించవలసి వచ్చింది.

పని తెలియనివారి కోసం ముందు అదేమిటో చెబుతాను. మగ్గం మీద ఒక పడుగు నేయడం పూర్తయ్యాక నేతగాడు నిలువు పోగులను మొదలంటా కోసెయ్యడు. జానెడు పొడుగు వదిలిపెడతాడు. కొత్త పడుగు తెచ్చి, దాని పోగులను ఈ పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా కలపాలి. వేల పోగులుంటాయి. ముడి వెయ్యరు. రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని పురి తిప్పుతారు. పొడి వేళ్ళలో పట్టు నిలవదు, జారిపోతుంది. అందుకని వేలిని నాలుక కొసకు తాకించి ఆ తడితో తిప్పుతారు. మగ్గానికి ఈ అంచున ఒకరు, ఆ అంచున ఒకరు కూర్చుని అతుకుతూ వచ్చి మధ్యలో కలుస్తారు. దీన్నే అచ్చు అతకడం అంటారు. జోడీ లేకుండా జరిగే పని కాదు.

మా ఇళ్ళల్లో ఎంగిలి పట్టింపు ఎంతటిదో చెప్పనక్కరలేదు. చెంబు పెదవికి తగలకుండా ఎత్తి నీళ్ళు తాగుతాం. ఉప్పు చూసిన గరిటె మళ్ళీ కూరలో పెట్టనివ్వం. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాలుకకు తగిలిన వేళ్ళతో అతికిన మగ్గం మీది చీరను అమ్మవారికి కడతాం, పెళ్ళిపీటల మీద కూతురికి కడతాం. పట్టుకు ఎంగిలి లేదని ఎవరో ఎప్పుడో తేల్చేశారు, అందరూ ఒప్పుకున్నారు. నా సర్వీసు మొత్తంలో కొనేవాళ్ళు ఒక్కరు కూడా ఆ ప్రశ్న అడగగా నేను వినలేదు.

ఆ అమ్మాయికి ముప్పై దాటి ఉంటాయి. భర్త పోయాడు. పుట్టిల్లు నల్లచెరువు దగ్గర ఒక పల్లె. అక్కడి సేద్యంలో ఏమీ మిగలక తల్లిని కూడా వెంట తెచ్చుకుంది. తల్లికి చూపు ఆనదు. అంతకుముందు ఆ అమ్మాయి హిందూపురం దగ్గర ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషన్ కుట్టేదట. ఎందుకు మానేశావని నా భార్య అడిగితే, "కండ్లు మంటమ్మా" అంది. ధర్మవరంలో నాకు తెలిసినవాళ్ళు ఉన్నారని ఎవరో చెప్పారట. ఏదైనా పని చూపించమని అడిగింది.

నాకు బాగా తెలిసిన మగ్గాల యజమాని ఒకాయన ఉన్నాడు. వాళ్ళ నాయన మా సంఘంలో సభ్యుడిగా ఉన్నప్పటి నుంచి ఆ ఇల్లు ఎరుగుదును. ఇంటి వెనక పొడవాటి రేకుల షెడ్డులో మగ్గాలు వేయించాడు. అచ్చులు అతికే పెద్దామెకు అప్పుడే జోడీ పోయింది. అమ్మాయి వేళ్ళు చూసి పెద్దామె, "ఈ వేళ్ళు మిషన్ తొక్కి చెడిపోయినాయి గానీ, బాగు చేసుకోవచ్చులే" అని కూర్చోబెట్టుకుంది.

ఆమె తొందరగా నేర్చుకుంది. నేను పాత స్నేహితులను చూడ్డానికి ధర్మవరం పోయినప్పుడల్లా ఆ షెడ్డు దగ్గర కాసేపు ఆగేవాణ్ణి. వరసకు ఏమీ కాకపోయినా వాళ్ళిద్దరూ అత్తాకోడళ్ళని పిలుచుకునేవారు.

"ఏమ్మే కోడలా, నా సగం నేను అతికేస్తి. నువ్వు ఇంకా యాడుండావు? మీ ఊరి చెరువు దాటినావా లేదా?"

"నీకేమత్తా, పండ్లు లేవు. నాలుక ఊరికే బయటికొస్తాది. నాది పండ్ల సందున దారి వెతుక్కోవాల."

"పట్టు నాకీ నాకీ నీ మాటలకి నున్నదనం వొచ్చెనే. నాకు మాత్రం ఇన్నేండ్లు నాకినా ఒక పట్టు రవికె రాకపాయ."

మగ్గాల మీద ఉన్న మగవాళ్ళు నవ్వేవాళ్ళు. యజమాని లోపలి నుంచి, "నాలుకలు పోగుల మీద పెట్టండమ్మా, మాటల మీద కాదు" అని కేకేసేవాడు. ఆ షెడ్డులో ఆ అమ్మాయి నవ్వు నేను పెనుకొండలో ఎన్నడూ వినని నవ్వు.

పెనుకొండ నుంచి రైలు ఒకవైపు ధర్మవరం పోతుంది, ఇంకోవైపు హిందూపురం పోతుంది. ఆమె రోజూ ధర్మవరం పోయేది. అప్పుడప్పుడు ఒక రోజు పని మానుకుని హిందూపురం పోయేది. పాత ఫ్యాక్టరీలో రావలసిన పీఎఫ్ గురించి తిరుగుతున్నానని చెప్పింది. నేను నమ్మాను. ఉద్యోగంలో అలాంటి తిరుగుళ్ళు ఎన్ని చూశాను!

ఒకసారి నా భార్య కంటి పరీక్షకు హిందూపురం పెద్దాసుపత్రికి పోయాం. ఆమెను లోపలికి పంపి నేను వరండా చివర నిలబడ్డాను. అక్కడొక గది ఉంది. బయట మనుషులు బల్లల మీద కూర్చున్నారు కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. ఆసుపత్రిలో ఇంత మంది ఇంత మౌనంగా ఉండటం ఏమిటా అని తలుపు మీది బోర్డు చదివాను: ఏఆర్‌టీ కేంద్రం. అప్పుడే ఆ తలుపు లోంచి మా వెనక గది అమ్మాయి బయటికి వచ్చింది. ముఖానికి చున్నీ చుట్టుకుంది, అయినా గుర్తుపట్టాను. చేతిలో మాత్రల డబ్బా. నన్ను చూసి ఆగింది. నేను గోడ మీది పోస్టరు వైపు తిరిగాను. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం రైల్లో ఆమే వచ్చి మా ఎదుట కూర్చుంది. నా భార్య కంటిలో వేసిన మందుకు కళ్ళు మూసుకుని ఒరిగి నిద్రపోతోంది.

"సార్, మీరు చూసినారు కదా."

"చూసినానమ్మా."

"ఇల్లు ఖాళీ చేయాల్నా?"

"ఎందుకు?"

"అడగాల కదా సార్. మీరు చెప్పేదానికన్నా ముందు నేనే అడిగితే కొంచెం మేలు."

అవసరం లేదన్నాను. అప్పుడు చెప్పింది. జబ్బు ఎలా వచ్చిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. చాలా ఏళ్ళుగా మాత్రలు మింగుతోంది. రక్తంలో పురుగు పరీక్షకు కూడా దొరకనంత తగ్గిందని డాక్టరు చెప్పాడు. "మీ వీధిలో నా అంత పెద్ద బిందె మోసే మనిషిని చూపీయండి సార్, చూద్దాం" అని నవ్వింది. మాత్రల డబ్బా సంచిలో గలగలమనకుండా దాంట్లో దూది కుక్కుతుందట.

"ఇంత దూరం ఎందుకు, దగ్గర్లో ఇయ్యరా?"

"ఇల్లుండే ఊర్లో మందు తీసుకుంటే ఇల్లు పోతాది. పనుండే ఊర్లో తీసుకుంటే పని పోతాది. మూడో ఊరు కావాల సార్. హిందూపురంలో పనిచేసేటప్పుడు అనంతపురం పోతాంటి. ధర్మవరంలో పని దొరికినాక ఈడికి మార్పించుకుంటి."

"ఫ్యాక్టరీలో తెలిసిపోయిందా?"

"తెలియనీలేదు. ఒకనాడు రక్త పరీక్ష క్యాంపు అని గేటు కాడ కాగితం అంటించినారు. ఏం పరీక్షో అడిగేకి భయం. ఆ సాయంత్రం బస్సెక్కి మళ్ళా పోలేదు. తర్వాత తెలిసె. ఒంట్లో రక్తం ఉండాదా లేదా చూసి ఇనుము మాత్రలు ఇచ్చే క్యాంపంట."

ఇది చెప్పి ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నిద్రపోతున్న నా భార్య వైపు చూసి, "అమ్మకు మీరు చెప్పొద్దు సార్. నేనే చెప్తా" అంది. మరునాడు వంటింటి గడప దగ్గర కూర్చుని నా భార్యకు చెప్పింది. నా భార్య అంతా విని, "టీవీలో చెప్తారు, నాకు తెలుసులే. గ్లాసులో రాదు, పక్కన కూర్చుంటే రాదు. కాఫీ తాగు" అని రోజూ ఇచ్చే గ్లాసులోనే ఇచ్చింది. కొన్నాళ్ళపాటు ఆ ఒక్క గ్లాసును మాత్రం వేడినీళ్ళలో వేసి కడిగేది. నేను చూస్తున్నానని తెలిసి, "అన్నీ అట్లనే కడుగుతాండా" అనేది. తర్వాత ఆ వేడినీళ్ళు ఎప్పుడు ఆగిపోయాయో ఇద్దరమూ గమనించలేదు.

ఆ ఏడాది పెళ్ళిళ్ళు దండిగా ఉన్నాయి. యజమానికి బెంగళూరు నుంచి ఒక పెళ్ళివారి ఆర్డరు వచ్చింది. ముహూర్తం చీరతో పాటు అదే పడుగు మీద ఇంకో రెండు. ఎర్రపట్టు. యజమాని మగ్గానికి పసుపు కుంకుమ పెట్టించి, సాంబ్రాణి వేయించి, పెద్దామెను అమ్మాయిని అతకడానికి కూర్చోబెట్టాడు. ఆ రోజు జరిగింది ఆమె తర్వాత నాకు చెప్పింది.

"పెండ్లికూతురి చీర అన్నారు సార్. వేలు నాలుక దాకా పోయి నిలబడిపాయ. తడిగుడ్డ తెచ్చుకుని పక్కన పెట్టుకుంటి. దాంట్లో అద్ది అతికితి."

"ఎంగిలితో ఆ జబ్బు రాదని నీకు వాళ్ళు చెప్పలేదా?"

"చెప్పినారు. వచ్చినప్పుడల్లా చెప్తారు. నాకు తెలుసు సార్, రాదు. అయినా పెండ్లికూతురు కదా."

తడిగుడ్డతో పని సాగదు. నీళ్ళు ఎక్కువైతే పోగు ఉబ్బుతుంది, తక్కువైతే జారుతుంది. పెద్దామె మధ్యకు వచ్చేసరికి ఈమె ఇంకా చాలా వెనకబడి ఉంది.

"ఏందే, నాలుకను అత్తగారింట్లో మర్చిపోయి వస్తివా?"

"నోట్లో పుండత్తా."

ఆ మాట ఆ పూటకు సరిపోయింది. తర్వాతి మగ్గానికీ ఆమె నాలుక తీయలేదు. అదీ పెళ్ళి చీరే. ఆ కాలంలో అన్నీ పెళ్ళి చీరలే. ఒకసారి మానాక మళ్ళీ మొదలుపెట్టడానికి మనసు ఒప్పలేదంది. పుండు ఇంకా మానలేదని చెబుతూ వచ్చింది. పెద్దామె మొదట తేనె పూయమంది. తర్వాత ఏదో ఆకు పసరు తెచ్చి ఇచ్చింది. ఆ తర్వాత ఏమీ ఇవ్వలేదు. చూడటం మొదలుపెట్టింది.

నోట్లో పుండు వారాల తరబడి మానకపోతే అది ఆ జబ్బే అని మా వైపు ఆడవాళ్ళకు ఒక లెక్క. ఎప్పుడో ఏ గోడ మీద చదివారో, ఎవరు చెప్పారో. ఆ అమ్మాయి నోట్లో నిజానికి ఏ పుండూ లేదు. లేని పుండు పేరు చెప్పి ఉన్న జబ్బును ఆమే వాళ్ళకు చూపించింది. నాలుకతోనే అతికి ఉంటే ఈ రోజుకూ ఆ షెడ్డులో కూర్చుని ఉండేది.

ఒక మధ్యాహ్నం పెద్దామె అందరి ముందరా అడిగేసిందట.

"నెలా రెండు నెలలకొకసారి హిందూపురం యాడికి పోతావు?"

"పీఎఫ్ పనికి."

"ఆ పీఎఫ్ మాత్రలుగా ఇస్తారా? నీ సంచిలో డబ్బాలో దూది ఎందుకుండాది?"

సంచి ఎప్పుడు వెతికారో ఆమెకు తెలియదు. మరునాడు యజమాని నాకు ఫోన్ చేశాడు. నేను వెంటనే పోయాను.

ఆయన నన్ను షెడ్డులోకి పిలవలేదు. వీధి అరుగు మీద కుర్చీ వేయించాడు.

"సామీ, మీరు తెచ్చిన మనిషి. అందుకని మీకే చెప్తాండా. ఆమెకు ఏదో జబ్బుందని ఆడోళ్ళు గలాటా చేస్తాండారు."

"ఏం జబ్బు?"

"పేరు నాతో అనిపీయొద్దు. మీకు తెలిసే ఉంటాది."

నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. వేరే విధంగా అడిగాను. "అతికిన చోటు చీరలోకి వస్తుందా?"

ఆయన నావైపు చూశాడు. "నన్నా అడిగేది? రాదు. అతుకు ముందుకు లాగి, ఆ జానెడు వదిలేసి నేత మొదలుపెడ్తాం. చీర దింపినాక కోసి పక్కన పడేస్తాం. ఆయమ్మ నాలుక తడి ఏ చీరకూ తగలదు. ఎవరి తడీ తగలదు. అది నాకు తెలీదా సామీ?"

"ఎంగిలితో ఆ జబ్బు రాదని కూడా తెలుసు కదా."

"తెలుసు. మా వీధికి ఆశా వర్కరు వచ్చి చెప్పిపోయింది."

"మరి?"

"నాకు తెలిస్తే ఏం లాభం? ఫలానా వాళ్ళ మగ్గం మీద అట్లాంటి ఆడది పోగులు నాకుతాదంట అని ఒక్క మాట అంగట్లో పడనీ. నా చీర ఎవురు ముట్టుకుంటారు? పెండ్లి చీర సామీ. ముతక గుడ్డ కాదు."

అలా తీసెయ్యడానికి వీల్లేదని, దానికి చట్టం ఉందని చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. నిదానంగా అన్నాడు. "చట్టం కంపెనీలకు. నా దొడ్లో మగ్గం, దినకూలి మనిషి. రేపటి నుంచి నేను పిలవనంతే. పిలవలేదని ఏ కోర్టు అడుగుతాది?"

సహకార సంఘంలో ఇన్నేళ్ళు పనిచేసి, నేతగాళ్ళ పేర్లు ఎక్కని రిజిస్టరు ఉండకూడదని పోట్లాడినవాణ్ణి. అచ్చులు అతికే ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండేవి కావు. ఉండాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఇంటికి వచ్చి ఆమెకు అంతా చెప్పాను. ఆసుపత్రి కౌన్సెలర్‌ను ఒకరిని తీసుకుపోయి షెడ్డులో అందరికీ వివరంగా చెప్పిద్దామన్నాను. ఆమె గట్టిగా తల అడ్డంగా ఊపింది.

"వద్దు సార్. ఇప్పుడు వాళ్ళది అనుమానమే. ఆయమ్మ వచ్చి 'ఎంగిలితో రాదు, భయపడొద్దు' అని చెప్పిందనుకో, అప్పుడు ఖాయమవుతాది. నాకు లేకపోతే ఆయమ్మ ఎందుకొచ్చె?"

అది నిజమే. ఆమె తరఫున ఎవరు ఏం మాట్లాడినా ఆమెకు వ్యతిరేకంగానే తిరుగుతుంది. కాసేపటికి ఆమె, "నేనే పోతా. నాలుకతోనే అతుకుతా. పుండు మానిందని చూపిస్తా. వాళ్ళు చూసినాక మాటలు తగ్గుతాయి" అంది. చూపు లేని తల్లి గదిలో నుంచి, "రేపు పనుండాదామ్మా?" అని అడిగింది. "ఉండాదిమా" అని ఈమె గట్టిగా బదులిచ్చింది. తల్లికి అప్పటికీ ఏమీ తెలియదు.

మరునాడు పొద్దున ఆమెతో పాటు నేనూ రైలెక్కాను. ఆ రోజు డైరీలో బండి ఆలస్యమైందనీ, ఎండ ఎక్కువగా ఉందనీ రాసి ఉంది. అంతకుమించి రాయలేదు. కానీ జరిగింది గుర్తుంది.

ఆ పొద్దున ఒక మగ్గానికి కొత్త పడుగు సిద్ధంగా ఉంది. చిలకపచ్చ రంగు. అమ్మాయి ఎవరినీ అడక్కుండా వెళ్ళి తొట్టి దగ్గర నోరు పుక్కిలించి, ఈ అంచున తన చోట్లో కూర్చుంది. యజమాని గడపలో నిలబడ్డాడు. పోవద్దని అనలేదు, రమ్మని కూడా అనలేదు. ఆమె మొదటి పాత పోగు తీసుకుని, కొత్త పోగు దానికి చేర్చి, నాలుక బయటికి తీసి వేలిని తాకించింది. అందరికీ కనబడేటట్టు. పురి తిప్పింది. లాగి చూసింది. నిలిచింది.

పెద్దామె ఆ అంచు దగ్గరికి వచ్చింది. కూర్చోలేదు. ఆమె చేతిలో అప్పుడు గ్లాసేదో ఉంది, దాన్ని కింద పెట్టింది, మళ్ళీ తీసుకుంది.

"రా అత్తా. నేను ముందు మధ్యకొస్తా, చూస్తాండు" అంది అమ్మాయి. గొంతు మామూలుగానే ఉంది.

"నాకు మనవరాండ్లు ఉండారమ్మా" అంది పెద్దామె. 'మే' అనలేదు. 'కోడలా' అనలేదు. 'అమ్మా' అంది. ఆ మర్యాద వినగానే ఆ అమ్మాయి ముఖం మారడం చూశాను. పెద్దామె చెప్పులు వేసుకుని బయటికి పోయింది. మిగిలిన ఇద్దరు ఆడవాళ్ళు కండెలు చుట్టేది ఆపి ఆమె వెనకే పోయారు. మగ్గాల మీది మగవాళ్ళు మాత్రం నేస్తూనే ఉన్నారు. తల ఎవరూ ఎత్తలేదు.

అచ్చు సగంలో వదిలెయ్యడానికి కుదరదు. వదిలితే పోగులు చిక్కుపడి పడుగంతా చెడుతుంది. మొదలుపెట్టింది కాబట్టి యజమాని ఆమెను లేపలేకపోయాడు. ఈ అంచు నుంచి మధ్యదాకా అతికి, లేచి వెళ్ళి ఆ అంచున పెద్దామె చోట్లో కూర్చుని, అటు నుంచి మళ్ళీ మధ్యదాకా ఆమె ఒక్కతే అతికింది. మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆ తర్వాత నాలుక ఎండిపోయినట్టుంది, ఊరికే మింగుతూ ఉంది. నీళ్ళు కావాలా అని అడిగితే వద్దంది. తడిగుడ్డ మాత్రం ముట్టుకోలేదు.

రాత్రి బాగా పొద్దుపోయాక పని అయిపోయింది. యజమాని పడుగును మెల్లగా లాగించి చూశాడు. ఎక్కడా పోగు జారలేదు. ఆయన చాలాసేపు ఆ అతుకుల మీద చెయ్యి ఆడించాడు. తర్వాత కూలి తెచ్చి, ఆమె చేతికి ఇవ్వకుండా మగ్గం పక్కనున్న పీట మీద పెట్టాడు.

"మంచి పని చేసినావు" అన్నాడు. "ఇంక రావద్దులేమ్మా."

ఆమె ఆ కూలి తీసుకుంది. పెనుకొండ స్టేషన్‌లో దిగాక ఒక్కటే అడిగింది. "నాలుక తీసి చూపిస్తి కదా సార్. ఇంకేం చూపీయాల?"

ఆ వారంలోనే వీధిలోకి కూడా మాట చేరింది. ధర్మవరం నుంచి పెనుకొండకు మాట రావడానికి రైలు కూడా అక్కరలేదు. మేము పొమ్మనలేదు, ఆమే పోయింది. నా భార్య ఆమె గది ఊడుస్తుంటే మూలన దూది ఉండలు దొరికాయట. చాలాసేపు ఆ గడపలోనే కూర్చుంది.

కొన్నాళ్ళకు పని మీద ధర్మవరం పోయి, పాత అలవాటు కొద్దీ ఆ షెడ్డు దగ్గర ఆగాను. చిలకపచ్చ చీరలు దింపుతున్నారు. అతుకుల జానెడు తుంపు కోసి పక్కన పెట్టారు. మామూలుగా పట్టు తుంపులను పారెయ్యరు. మూట గట్టి ఉంచితే కొనేవాళ్ళు వస్తారు. యజమాని భార్య ఆ ఒక్క తుంపును కట్టెపుల్లతో ఎత్తి దొడ్లోకి తీసుకుపోయి కిరసనాయిలు పోసి కాల్చింది. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. నేను నిలబడి ఉండగానే చీరలను మడతబెట్టి, లోపల కాగితం పెట్టి, అమ్మకానికి బీరువాలో పెట్టారు. పెద్దామె కొత్త జోడీతో ఇంకో అచ్చు అతుకుతోంది. ఇద్దరి నాలుకలూ ఆడుతున్నాయి.

ఆ అమ్మాయిని తర్వాత ఒకసారే చూశాను. అనంతపురం నుంచి వస్తున్నాను. ధర్మవరంలో బండి చాలాసేపు ఆగింది. ఎదుటి సీట్లో చున్నీ చుట్టుకున్న మనిషి చున్నీ తీసి, "బాగుండారా సార్?" అంది. హిందూపురంలో ఒక చింతపండు మండీలో గింజలు తీసే పని చేస్తోందట. తల్లితో అక్కడే ఉంటోంది.

"మందు?"

"మళ్ళా అనంతపురానికి మార్పించుకుంటి."

మాట్లాడుతుంటే ఆమె చూపుడువేలు నాలుక దగ్గరికి పోయి వచ్చింది. ఆమే గమనించి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "అలవాటు పోలేదు సార్. మండీలో కూడా ఇంతే. పుల్లగా తగిలినాక గుర్తొస్తాది. ఎవరన్నా చూసినారేమో అని చుట్టూ చూస్తా."

బండి ఇంకా కదల్లేదు. ప్లాట్‌ఫారం మీద పట్టుచీరల మూటలు ఎక్కిస్తున్నారు. ఆమె అటు చూస్తూ అడిగింది.

"ఆ పచ్చ అచ్చు నేసినారా?"

"నేసినారు. మూడు చీరలూ దిగినాయి."

"యాడన్నా తెగిందా?"

"ఒక్క పోగు కూడా తెగలేదంట" అన్నాను. అది నిజమే, యజమానే నాతో చెప్పాడు. తుంపు సంగతి నేను ఎత్తలేదు.

"అత్త ఉంటే ఇంకా తొందరగా అయ్యుండు" అంది. బండి కదిలింది. ఆమె చున్నీ మళ్ళీ ముఖానికి చుట్టుకుని, సంచి ఒళ్ళోకి తీసుకుంది. సంచిలో ఏ చప్పుడూ లేదు.